మచ్చ లేని జింక

పూర్ణిమ ఎన్‌క్లేవ్,
శంషాబాద్,
ఏప్రిల్ 20.

శిల్పి జయశీలన్ గారికి,

శ్రీరామమూర్తి నమస్కారాలు. ఇక్కడ మేము విమానాల మోత కింద క్షేమంగానే ఉన్నాం. ఈ పక్కనే కందుకూరులో మీరూ, మీ సిమెంటూ క్షేమమని తలుస్తాను.

నిన్న ఫోన్లో మాట్లాడింది నేనే. నేను 'జింక' అన్నాను. మీరు 'ట్యాంకా సార్, ఎన్ని లీటర్లది?' అన్నారు. మళ్లీ 'జింక' అని అరిచేలోపు నా నెత్తిమీదుగా ఒక విమానం దిగింది. అది పోయాక మీరు 'మూతతో కావాల్నా, మూత లేకుండనా?' అని అడిగారు. ఫోన్ పెట్టేసి కాగితం, కలం అందుకున్నాను.

అందుకని ఇకమీదట ఏ సంగతైనా కాగితం మీదే. నేను ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. నోటిమాట మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. కాగితం మీద పెడితే పొరపాటుకు చోటుండదు. మీ ఊరి నుంచి రోజూ మా కాలనీకి కూరగాయలు తెచ్చే చందు ఈ ఉత్తరం అందిస్తాడు. జవాబు కూడా అతనికే ఇవ్వండి. కాగితంలో ఏముంటే అది చేయండి, లేనిది చేయకండి.

ఇక అసలు విషయం. మా కాలనీ గేటు పక్కన ఒక దిమ్మె కట్టించాం. జూన్ రెండున, రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు, దాని మీద మన రాష్ట్ర జంతువు జింకను నిలబెట్టాలి. దాని వీపు మీద మన రాష్ట్ర పక్షి. ఈ ఆలోచన నాది. కాలనీ సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే. నీళ్ల ట్యాంకరు రానిరోజు తిట్లు తినడానికి ఒక మనిషి ఉండాలి కాబట్టి నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

మీకు దాచడం దేనికి. నేను బాపట్ల నుంచి హైదరాబాదు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇల్లు ఇక్కడే, ఓటు ఇక్కడే. అయినా ఈ చుట్టుపక్కల నన్నందరూ 'ఆంధ్ర సారు' అనే అంటారు. మా వాచ్‌మన్ కుర్మయ్య మంచి మనిషి. పండక్కి పిలుస్తాడు. కానీ 'మా బోనాలకు మీరు గూడ రాండ్రి సారూ' అంటాడు. 'మా తెలంగాణల ఎండలు గిట్లనే ఉంటయి' అంటాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నాతో 'మన' అనలేదు. ఈ బొమ్మ చూశాకైనా అంటాడేమోనని నా ఆశ. నవ్వుకోండి, ఫర్వాలేదు.

పని మాత్రం శుభ్రంగా ఉండాలి. జింక మీద ఎక్కడా ఒక్క మచ్చ కనపడకూడదు. కనపడితే ఒప్పుకోను.

ఇట్లు,
శ్రీరామమూర్తి

తా.క. ఆరాంఘర్ దగ్గర ఫంక్షన్ హాలు ముందు మీరు చేసిన సింహాలను చూసే మీకు రాస్తున్నాను. వాటి ముఖాల్లో ఎంత శాంతం! అలాంటి సింహాలను నేను ఎక్కడా చూడలేదు.


కందుకూరు,
ఏప్రిల్ 24.

గౌరవనీయులైన మూర్తిగారికి,

ప్రభువునందు వందనాలు. నేను జయశీలన్ గారి భార్య లీలమ్మను. మా ఆయన చేతులు తెల్లారిన దగ్గర నుంచి సిమెంట్లోనే ఉంటాయి కాబట్టి ఉత్తరాలు నేను రాస్తాను. సండే స్కూల్లో పిల్లలకు వాక్యాలు రాసి పెట్టే చేతిరాత ఇది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, మీకు అలవాటే కదా.

మీ ఉత్తరం ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి గడ్డం గీక్కున్నాడు. రెండోసారి, ఒక్క మచ్చ కూడా కనపడకూడదు అన్న చోట ఆపమని, ఆ మాట మళ్లీ చదివించుకున్నాడు. 'ఇగ నాకు సమజైంది లీలా, సారు బాధేందో' అన్నాడు.

మూర్తిగారూ, మాకు అన్నీ విప్పి చెప్పనక్కర్లేదు. ఎంత దూరం వచ్చినా ఎవరి ఊరి మీద వాళ్లకు ప్రాణం గుంజుతుంది. అందులో తప్పేముంది? మీ జింకను మీకు నచ్చినట్టే చేస్తాం. మచ్చ అన్నది పెట్టం. మీ పక్షి ముక్కుకు మంచి ఎర్ర రంగు పట్నం నుంచి తెప్పిస్తున్నాం. మా రాష్ట్రంలో ఉండి మీరు ఇంత ధైర్యం చేస్తున్నారంటే మాకే ముచ్చటేసింది. ఎవరైనా ఏమైనా అంటే మా పేరు చెప్పండి.

మీ క్షేమం కోరే,
లీలమ్మ జయశీలన్

తా.క. ఆరాంఘర్ సింహాలు నిజానికి సింహాలు కావు సార్. క్రిస్మస్ పశువుల పాక కోసం చేసిన గొర్రెలు. మరీ పెద్దగా వచ్చాయని చర్చి వాళ్లు తీసుకోలేదు. ఫంక్షన్ హాలు వాళ్లు చూసి, జూలు పెట్టించుకుని పట్టుకుపోయారు. మా ఆయన చిన్నప్పటి నుంచి ఎక్కువగా చేసింది గొర్రెలే.


శంషాబాద్,
ఏప్రిల్ 27.

సోదరి లీలమ్మగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. అక్షరదోషాలు పెద్దగా లేవు. కానీ మనసుకు తగిలిన దోషం ఒకటుంది. అది మీ తప్పు కాదు, నా నుదుటిరాత.

'మీ జింక' అన్నారు. 'మీ పక్షి' అన్నారు. ఆపైన 'మా రాష్ట్రంలో ఉండి' అన్నారు. అది చదివి నేను చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి, ఎందుకు వెళ్లానో తెలియక వెనక్కి వచ్చాను. మా ఆవిడ మంగాదేవి 'ఏమైందండీ' అంటే చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయాను.

జీవితమంతా ఇతరుల మాటలు దిద్ది బతికినవాణ్ణి, అందుకని చెబుతున్నాను. 'మా' అనే మాటకు తలుపు ఉంటుందమ్మా. అన్నవాళ్లు లోపల, విన్నవాళ్లు బయట. 'మన' అన్నారంటే ఇద్దరూ లోపలే. ఇంత చిన్న తేడా కోసం నేను ముప్పై ఏళ్లుగా గుమ్మం బయట నిలబడి ఉన్నాను. దిద్దడానికి ఇదేమన్నా ప్రూఫా, గీత కొట్టి పక్కన రాయడానికి?

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఆ జింక నా ఒక్కడిదీ కాదు, మీ ఒక్కరిదీ కాదు. మనది. మన అంటే మీరూ నేనూ కలిసి. బొమ్మను చూడగానే ఆ కలయిక కనపడాలి. 'మీ', 'మా' అనే గీత దాని ఒంటి మీద ఎక్కడా ఉండకూడదు. మీ ఆయనకు ఈ పేరా మూడుసార్లు చదివి వినిపించండి.

ఇట్లు,
మీ
శ్రీరామమూర్తి

తా.క. ఆ 'మీ' నేను కావాలనే రాశాను. గమనించగలరు.

మరొక తా.క. సింహాలు గొర్రెలన్న సంగతి చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. జింకను జింకగానే చేస్తారు కదా?


కందుకూరు,
మే 6.

పూజ్యులైన మూర్తిగారికి,

వందనాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారికి మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. చేతికి సిమెంటు ఉందని మర్చిపోయి తుడుచుకున్నాడు కాబట్టి దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. జవాబు ఆలస్యమైంది అందుకే. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

నిజం చెప్పాలంటే మేము మిమ్మల్ని తక్కువగా అనుకున్నాం. మచ్చలు వద్దన్నారు కాబట్టి, మీరు తెలంగాణ మచ్చల జింకను కాదని, మీ ఆంధ్రా రాష్ట్ర జంతువు కృష్ణజింకను అడుగుతున్నారని అనుకున్నాం. నల్లటి ఒళ్లు, మెలికల కొమ్ములతో మా ఆయన తల దాకా లేపేశాడు కూడా. వీపు మీద మీ రాష్ట్ర పక్షి రామచిలకను కూర్చోబెట్టాడు. ఇప్పుడు తెలిసింది మీ మనసు ఎంత పెద్దదో. 'సారు రెండు రాష్ట్రాలను ఒక్కటి జేద్దామంటున్నడు లీలా, గింతమందిల ఎవ్వరికి రాని ఆలోచన' అని రోజంతా అదే మాట.

మీరు రాసినట్టే మీదీ మాదీ కలిపేశాం. కొమ్ములు మీ కృష్ణజింకవి. కాళ్లు, తోక మా మచ్చల జింకవి. పక్షికి ముక్కు మీ చిలకది, రెక్కలు మా పాలపిట్టవి, నీలం రంగు మెరిసిపోతోంది. గీత కనపడకూడదన్నారని మెడ దగ్గర అతుకును కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది నున్నగా చేశాడు.

మచ్చల దగ్గరే చిక్కు వచ్చింది. మీరేమో ఒక్కటీ వద్దన్నారు. మచ్చ లేకపోతే మా వాళ్లు జింక అని ఒప్పుకోరు. అందుకని కుడివైపు శుభ్రంగా ఉంచి, ఎడమవైపు నిండా మచ్చలు వేస్తున్నాం. రోడ్డు మీద పోయేవాళ్లకు ఏ వైపు కనపడాలో, కాలనీ వాళ్లకు ఏ వైపు కనపడాలో మీరే తేల్చి చెప్పండి.

మీ సోదరి,
లీలమ్మ

తా.క. మా అమ్మాయి జెరూషా కాలేజీ నుంచి వచ్చి బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది. 'ఏంది నాయినా ఇది?' అని అడిగింది. ఆయన 'మన జింక' అన్నాడు. అది నేరుగా లోపలికి వెళ్లి తలుపేసుకుంది.


శంషాబాద్,
మే 8.

అమ్మా లీలమ్మా,

ఆపండి! చేతిలో ఉన్న తాపీ ఉన్నచోటే పెట్టేయమనండి!

నమస్కారం కూడా తర్వాత పెడుతున్నాను, చూసుకోండి. నమస్కారం.

మచ్చ అంటే లోపం తల్లీ! పనిలో లోపం ఉండకూడదన్నాను. పెచ్చులూడడం, బొరియలు పడడం, అదీ నా ఉద్దేశం. జింక మచ్చల్ని ఎవరు వద్దన్నారు? ఆ మచ్చల కోసమే కదా నా ఆరాటం! నేను తెలంగాణలో ఉన్నాను. నాకు కావలసింది తెలంగాణ జింక, తెలంగాణ పాలపిట్ట. 'మన' అంటే రెండూ కలిపి రుబ్బమని కాదు. నేను కూడా ఇక్కడివాణ్ణే అని. ఇంత చిన్నమాట ఎవరికీ ఎందుకు అర్థం కాదు?

మా కాలనీలో సగం మంది కోస్తా వాళ్లు, సగం మంది ఇక్కడి వాళ్లు. పార్కింగు దగ్గర నుంచి పచ్చళ్లు ఎండబెట్టడం దాకా ఏ విషయంలోనూ ఒక్క మాట మీద ఉండరు. మీ బొమ్మ గనక వస్తే మొదటిసారి అందరూ ఏకమవుతారు. ఏకమై నన్ను తంతారు. రెండు రాష్ట్రాల జంతువుల్ని ఒకేసారి అవమానించిన మనిషి మరొకడు ఉండడు.

జాగ్రత్తగా చదవండి. ఒకటే పేరాలో రాస్తున్నాను. ఒళ్లంతా, రెండు వైపులా, మచ్చలు వేయండి. నల్లరంగు గీకేసి గోధుమరంగు పూయండి. ఆ మెలికల కొమ్ములు తీసేయండి. చిలక ముక్కు చెక్కేసి పాలపిట్ట ముక్కు పెట్టండి. ఇంతకు మించి ఒక్క పని కూడా సొంతంగా చేయకండి. మీ ఆయన చేయబోతే చేతులు పట్టుకుని ఆపండి.

ఇట్లు,
శ్రీరామమూర్తి

తా.క. ఆహ్వానపత్రాలు అచ్చుకు వెళ్లిపోయాయి. వెనక్కి తగ్గే దారి లేదు.

మరొక తా.క. కొమ్ములు రాశారు, కాళ్లు రాశారు, తోక కూడా రాశారు. ముఖం ఎలా వచ్చిందో ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఎందుకు రాయలేదు?


కందుకూరు,
మే 31.

మూర్తిగారికి,

వందనాలు. బొమ్మను గోనెసంచుల్లో చుట్టి, కింద గడ్డి పరిచి, చందు బండిలో పంపుతున్నాం. ఈ ఉత్తరం దాంతోనే వస్తోంది. ముందు ఉత్తరం చదివి, తర్వాత గోనెసంచులు విప్పడం మంచిది.

మీరు చెప్పిన పనులన్నీ చేశాం. మచ్చలు రెండు వైపులా వేశాం. కుంచె దొరక్క గుడ్డపేలికతో అద్దాడు కాబట్టి కొంచెం పెద్దవిగా వచ్చాయి. ఒకదానికొకటి అంటుకుని ఉన్ని లాగా కనిపిస్తాయి, దూరం నుంచి చూడమనండి. పక్షి ముక్కు సరిచేశాడు. పాలపిట్ట అచ్చం పాలపిట్టలాగే ఉంది. అది మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

కొమ్ములు తీసేశాడు. మీరు తీసేయమన్నారు, కొత్తవి పెట్టమని రాయలేదు. నేను ఉత్తరం అటూ ఇటూ తిప్పి, వెనకవైపు కూడా చూశాను. ఎక్కడా లేదు. 'జింకకు కొమ్ములుండాలె గద లీలా' అని ఆయన అన్నాడు కూడా. కాగితంలో లేనిది చేయవద్దని సారు మొదటి ఉత్తరంలోనే రాశారు అని నేనే ఆపాను. చేతులు పట్టుకుని ఆపమన్నారు కదా, అట్లాగే పట్టుకున్నాను. కొమ్ములు తీసిన చోట రెండు గుంటలు పడితే, చెవులు కిందికి వంచి కప్పేశాడు.

ముఖం గురించి అడిగారు. ముఖం చాలా మంచిగా వచ్చింది. చూస్తే ఎవరికైనా ప్రేమ పుడుతుంది. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

మీ మేలు కోసం ప్రార్థించే,
లీలమ్మ

తా.క. నిన్న రంగు ఆరడానికి బొమ్మను ఎండలో పెట్టాం. రోడ్డు మీద ఒక మంద పోతోంది. అందులోంచి ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, బొమ్మ పొట్ట కింద మూతి పెట్టి పాల కోసం వెతికింది. అది ఏ జంతువు పిల్లో రాయమంటారా, వద్దులెండి. మీకు ముందే తెలిసి ఉండడం మంచిదని ఇంత వరకు రాశాను.


బాపట్ల,
జూన్ 9.

లీలమ్మగారికి,

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఫోన్ ఆపేశాను. మళ్లీ వేసే ఉద్దేశం లేదు.

నేను బాపట్లలో, మా బావమరిది వరప్రసాద్ ఇంట్లో ఉన్నాను. ఎందుకున్నానో రాస్తాను, ఒక్కసారి రాసి వదిలేస్తాను.

మీ ఉత్తరం కూరగాయల బుట్టలో వంకాయల కింద దొరికింది. అప్పటికి సభ అయిపోయింది. చందు రాత్రివేళ వచ్చి బొమ్మను దిమ్మెకెక్కించి గుడ్డ కప్పి పోయాడు కాబట్టి, నేనూ దాన్ని ముందు చూడలేదు.

జూన్ రెండున ఉదయం కాలనీ అంతా గేటు దగ్గర చేరింది. అందరికీ కుర్చీలు, మజ్జిగ. నేను మైకులో 'మన రాష్ట్రం' మీద మాట్లాడాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. తర్వాత గుడ్డ లాగాను. పైన ఒక విమానం పోయింది. అందరూ దాని చప్పుడు పూర్తిగా తగ్గేదాకా ఆగారు. అప్పుడు మొదటి వరసలో ఒక చిన్నపిల్ల చప్పట్లు కొట్టి 'గొర్రె!' అంది.

ఆ తర్వాత నవ్వులు ఆగలేదు. కోస్తా వాళ్లు 'ఇదా మూర్తిగారూ మీ జింక' అన్నారు. తెలంగాణ వాళ్లు 'మా జింకను గొర్రెను జేసినవా సారూ' అన్నారు. చూశారా? కోస్తా వాళ్లకు నేను 'మీ', తెలంగాణ వాళ్లకు వాళ్లే 'మా'. 'మన' అన్నవాడు ఒక్కడు లేడు. మంగాదేవి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. జాలిగా చూసింది.

కుర్మయ్య కూడా నవ్వలేదు. అందరూ వెళ్లిపోయాక మెల్లగా వచ్చి, దాని వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. నా వైపు ఒకసారి చూసి, గబగబా తన గదిలోకి వెళ్లిపోయాడు. మిగతా వాళ్ల నవ్వులు ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు. అంత మంచి మనిషి నా ముఖం చూడడానికి సిగ్గుపడ్డాడు. పావుగంటలో సంచీ సర్దుకుని రైలుకు బయల్దేరాను.

ఇక్కడైనా ప్రాణం కుదుటపడుతుందనుకున్నాను. రైలు దిగగానే వరప్రసాద్ నా సంచీ అందుకుంటూ 'ఏం బావగారూ, మీ తెలంగాణలో వానలు పడ్డాయా?' అన్నాడు. అన్నం దగ్గర వాళ్లావిడ 'మీ వైపు పులుసులో ఇంత కారం తింటారో లేదో' అంది. నేను పుట్టిన ఇల్లు ఈ వీధిలోనే, నాలుగు గడపల అవతల. అక్కడ 'మా' అంటారు, ఇక్కడ 'మీ' అంటారు. నాకంటూ ఒక మాట తెలుగు భాషలో లేకుండా పోయింది. ముప్పై ఏళ్లు ఆ భాషకే చాకిరీ చేశాను.

మీ మీద కోపం లేదు. కొమ్ములు పెట్టమని రాయనిది నేనే. వేరేవాళ్ల ప్రూఫులో అయితే పట్టుకునేవాణ్ణి. ఒక్కటే మనవి. మీరూ, మీ ఆయనా వెళ్లి ఆ బొమ్మను దిమ్మె మీంచి తీసేయండి. పగలగొడతారో, జూలు పెట్టి ఎవరికైనా ఇస్తారో మీ ఇష్టం. దిమ్మె ఖాళీ అయిందని మీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చాకే నేను తిరిగి వస్తాను. రాకపోయినా అక్కడ ఎవరూ వెతకరు.

ఇట్లు,
శ్రీరామమూర్తి

తా.క. ఇక్కడ పెరట్లో రామచిలకలు జామకాయలు కొట్టేస్తున్నాయి. ముక్కులు చూస్తే మీ ఆయనే గుర్తొస్తున్నాడు.


కందుకూరు,
జూన్ 16.

మూర్తిగారికి,

ప్రభువునందు వందనాలు. మీ ఉత్తరం చదివాక మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. మా ఆయన గోడకేసి తిరిగి పడుకున్నాడు. 'పెద్దమనిషిని ఊరు విడిచేటట్టు జేస్తి' అన్నాడు. మర్నాడు పొద్దున్నే గడ్డపార, తాళ్లు పట్టుకుని, చందు బండిలో ఇద్దరం శంషాబాద్ వెళ్లాం.

దిమ్మె దగ్గర బండి ఆపి మా ఆయన గడ్డపార తీశాడో లేదో, గేటు గదిలోంచి కుర్మయ్యగారు వచ్చారు.

'ఏం జేస్తున్నరు?'

'బొమ్మ తీస్తున్నం అన్నా. సారు తీయమన్నడు.'

'ఏ సారు?'

'మూర్తి సారు.'

'అబద్ధం' అన్నాడాయన. గడ్డపార మా ఆయన చేతిలోంచి లాక్కుని, దిమ్మెకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన కోపం చూసి నేను బండి దిగనే లేదు. కూర్చున్నచోటు నుంచే మెల్లగా అడిగాను, మీకు ఈ బొమ్మతో ఏంది అన్నా అని. అప్పుడు చెప్పాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

'గీ కాలనీ జాగ మొత్తం మా గొర్లు మేసిన జాగ అక్కా. మా తాత మేపిండు, మా బాపు మేపిండు, నేను గూడ మేపిన. విమానాలు రాలే అప్పుడు. తర్వాత జాగ పాయె, మంద అమ్మితిమి. నేను గిదే జాగల గేటు కాడ కూసున్న. గిన్నేండ్లల్ల ఈడ గొర్లుండె అని ఒక్కడన్న అన్నడా? నేను గూడ ఎవ్వరికి చెప్పలే. ఎవరిగ్గావాలె? గా దినం సారు గుడ్డ తీసిండు. సూస్తే మా గొర్రె! అందరు నవ్వుతున్నరు. నేను దాని ఈపు మీద చెయ్యేసిన. సారుకు దండం పెడ్దామని బట్టలు మార్చుకొని వచ్చేవరకు సారు ఊరికి పోయిండన్నరు.'

మా ఆయనకు అబద్ధమాడడం రాదు. 'అన్నా, అది జింకనే. జర తప్పింది' అన్నాడు.

'నాకు జెప్తున్నవా? పుట్టిన కాడికెళ్లి సూసిన మొఖం. అది గొర్రెనే. మా గొర్రె. మా సారు పెట్టిచ్చిండు. నడుమ మీరెవరు?' అని మమ్మల్ని బయటికి తోలి గేటు వేసేశాడు.

మూర్తిగారూ, అప్పుడు నాకు మీ ఉత్తరం గుర్తొచ్చింది. 'మా' అనే మాటకు తలుపు ఉంటుందని, అన్నవాళ్లు లోపల, విన్నవాళ్లు బయట అని రాశారు. నిజమే. ఆ పూట తలుపు బయట నిలబడ్డది మేమిద్దరం. మేము ఈ నేల మీదే పుట్టినవాళ్లం. బాపట్లలో ఉన్నా మీరు మాత్రం లోపలే ఉన్నారు.

మీరు 'మన' కోసం చూస్తూ కూర్చున్నారు. ఆయన మిమ్మల్ని 'మా'లో కలిపేసుకున్నాడు. ఇది దిద్దవలసిన తప్పేనా, కాదా, మీకే తెలియాలి.

దిమ్మె ఖాళీ కాలేదు. అయ్యేదాకా రానన్నారు కాబట్టి, ఆ మాట ఒక్కటి వెనక్కి తీసుకుని రైలెక్కండి.

మీ సోదరి,
లీలమ్మ

తా.క. తిరిగి వస్తూ పక్కనున్న టీ కొట్టు దగ్గర 'ఇక్కడ ఆంధ్ర సారు ఇల్లు ఏది?' అని ఊరికే అడిగాను. కొట్టు ఆయనకు తెలియలేదు. 'అదే, మూర్తిగారు' అంటే, 'గొర్రె సారా? గట్ల చెప్పు మరి!' అని చెయ్యి చూపించాడు. క్యాబు వాళ్లకు కూడా అదే గుర్తట.

ఇంకొక తా.క. రాగానే కుర్మయ్యగారిని కలవండి. ఆయన ఎదుట జింక అన్న మాట మాత్రం పొరపాటున కూడా ఎత్తకండి. మా గడ్డపార ఇంకా ఆయన దగ్గరే ఉంది.